వెనక సీటు మేస్త్రి

ఆ వీధిలో బండ్లు బాగుచేసేవాళ్లు ఆరుగురు. ఐదుగురు తాము బాగుచేసిన బండిని తామే నడిపి చూస్తారు. ఆరో ఆయన మాత్రం సొంతదారుని ముందు కూర్చోబెట్టి, తను వెనక ఎక్కి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. షికారుకు బయల్దేరాడురోయ్ అని మిగతా ఐదుగురూ పళ్లికిలిస్తారు. అలా ఆయనకి వెనక సీటు మేస్త్రి అని పేరు పడింది. అసలు పేరేమిటని అడిగితే పక్క షాపువాడు కూడా కాసేపు తల గోక్కోవాలి. ఆ పక్క షాపువాడు ఆయన సొంత బావమరిది.

మేస్త్రి ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదహారో ఏట నుంచి పన్నెండేళ్లు ఒక పిండిమరలో బెల్టులు అతికాడు. బెల్టు వదులైందంటే మోటారు ఆన్ చేయగానే మర ఒక్కసారిగా ఎగిరిపడేది. యజమాని మోటారుని తిట్టేవాడు. మోటారు మెకానిక్ వచ్చి, దాన్ని ముక్కలుముక్కలుగా విప్పి, గంటసేపు ఉపన్యాసం దంచి, మళ్లీ బిగించి వెళ్లేవాడు. మర మళ్లీ ఎగిరిపడేది. అప్పుడు ఈయన బెల్టు రెండంగుళాలు కోసి, చివర్లు ఏటవాలుగా చెక్కి అతికితే అది నోరు మూసుకుని తిరిగేది. తిప్పేదానికీ తిరిగేదానికీ మధ్య వదులుంటే కుదుపు ఆ వదులులోనే పుడుతుందన్నది ఆయన ఒంటికి పట్టిన చదువు. ఇంకే చదువూ ఆయన చదవలేదు. మోటారు మెకానిక్‌ల మీద చిన్నచూపు మాత్రం అక్కడే మొదలై నానాటికీ పెరిగింది.

ఇప్పుడు ఆ చిన్నచూపంతా బావమరిది ఒక్కడే అనుభవిస్తున్నాడు. బావమరిది బండి విడిభాగాలు అమ్ముతాడు. వీధిలో అందరూ ప్రొఫెసర్ అంటారు. మొదట వెక్కిరింతకే అన్నారు, అతను మర్యాదగా పుచ్చుకున్నాడు. చొక్కా ఎప్పుడూ మల్లెపువ్వులా ఉంటుంది, గోళ్లలో మరక ఉండదు. చేతిలో ఫోను ఉంటుంది, ఆ ఫోనులో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఏదో ఒక బండి విప్పుతూనే ఉంటారు. వాళ్లు విప్పింది చూసి, ఇతను బిగించమని చెబుతాడు.

ఆ పొద్దున అద్దాలాయన బండి తోసుకుంటూ వచ్చాడు. వెనకాల అతని భార్య నడిచి వస్తోంది. ఎడమ అరచేతికి కట్టు ఉంది. మొగుడూ పెళ్లాలకి వీధి చివర కిటికీ అద్దాల దుకాణం. అద్దం కోసేది ఆవిడ. గీత గీసి, వేలితో ఒక్క తట్టు తట్టిందంటే పలక చెప్పినచోట విడిపోతుంది. మొగుడు చట్రాలకి బిగిస్తాడు, బండి నడుపుతాడు. ఎక్కడికి పలక చేర్చాలన్నా ఆవిడే దుప్పటి చుట్టి, తన ఒడికీ మొగుడి వీపుకీ మధ్య నిలబెట్టి పట్టుకుని వెనక కూర్చుంటుంది.

"ఏమైందయ్యా, తోసుకొస్తున్నావు? పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు మేస్త్రి.

"అది ఎక్కనంటోంది మేస్త్రీ."

"ఎక్కను," అంది ఆవిడ. "అన్నా, యాక్సిలేటర్ ఇలా తిప్పగానే బండి ఎవరో వెనక నుంచి తన్నినట్టు దూకుతుంది. వదిలేస్తే ముందుకు తోసేస్తుంది. మొన్న పలక పగిలి చెయ్యి కోసేసింది. నాలుగు కుట్లు. ఈసారి ఎడమది కాబట్టి సరిపోయింది. రేపు కుడిది తెగితే ఆ అద్దాలు ఎవరు కోస్తారు, ఈయనా?"

"నేను కోస్తే అద్దం కాదు, అటుకులే," అన్నాడు అద్దాలాయన నవ్వబోతూ.

"నవ్వండి. నెల నుంచి నవ్వుతూనే ఉన్నారు. బాగైతే ఎక్కుతాను, లేకపోతే దుకాణానికి తాళం."

మేస్త్రి ఆ కట్టు వంక చూశాడు. చేత్తో పని చేసే మనిషికి చెయ్యి తెగడమంటే ఏమిటో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"ఇప్పటిదాకా ఏం చేయించారు?"

అద్దాలాయన పక్క షాపు వైపు చూశాడు. అక్కణ్నుంచి సమాధానం దానంతటదే నడిచి వచ్చింది.

"అన్నీ చేయించాను బావా," అన్నాడు ప్రొఫెసర్. "కార్బొరేటర్ మూడుసార్లు కడిగించాను. ప్లగ్గు మార్పించాను. యాక్సిలేటర్ కేబుల్ కొత్తది వేయించాను. పెట్రోల్లో పోసే మందు కూడా రెండు సీసాలు ఇచ్చాను, ఫారిన్ సరుకు. ఇంక మిగిలింది కార్బొరేటర్ మొత్తం మార్చడమే. నిన్న ఒకాయన నలభై నిమిషాల వీడియో పెట్టాడు, ఇదే జబ్బు, ఇదే మందు. చూపించమంటావా?"

"ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారైనా వెనక సీటు మీద కూర్చున్నాడా?"

"వెనక కూర్చుంటే కెమెరా ఎవడు పట్టుకుంటాడు బావా!"

మేస్త్రి ముందు కొత్త కేబుల్ చూశాడు. యాక్సిలేటర్ పిడి పావు వంతు తిరిగినా అవతల ఏమీ కదలడం లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటోంది. వేయించినవాడు కేబుల్ అమ్మడం వరకే చూసుకున్నాడు, బిగువు సంగతి దేవుడికి వదిలేశాడు. పిడి దగ్గర రెండు మిల్లీమీటర్ల వదులు మాత్రం ఉండేలా మేస్త్రి నట్టు తిప్పి సరిచేశాడు. ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఈ చివరికీ ఆ చివరికీ తిప్పించాడు. ఎటు తిప్పినా చప్పుడు పెరగలేదు. కేబుల్ ఎక్కడా లాగడం లేదు.

తర్వాత అద్దాలాయన్ని ముందు కూర్చోబెట్టి, తను వెనక ఎక్కి కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్డులోంచి ఈల వినిపించింది.

రెండు వీధులు తిరిగి వచ్చారు. కుదుపు సగం తగ్గింది, సగం అలాగే ఉంది. ఇంజను తప్పయితే ముందు చప్పుడు తడబడాలి, ఆ తర్వాత బండి తడబడాలి. ఇక్కడ చప్పుడు నున్నగా సాగుతోంది, దెబ్బ మాత్రం నేరుగా నడుము కింద తగులుతోంది. నెల రోజులుగా ఇంతమంది ఈ బండి ముందు భాగాన్ని కడిగి, తుడిచి, మార్చి, మందు పోశారు. దెబ్బ తిన్న మనిషి వెనక కూర్చునుంటే, దెబ్బ ఎక్కడ తగిలిందని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

మేస్త్రి బండిని స్టాండు మీద ఎత్తి గేరులో పెట్టాడు. వెనక చక్రం పక్కన చైను తిప్పే పళ్లచక్రం ఉంటుంది. దాని మీదా, చక్రం డ్రమ్ము మీదా కలిసేలా సుద్దముక్కతో ఒక గీత గీశాడు. చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. డ్రమ్ము మీది గీత బొటనవేలంత దూరం జరిగాక గానీ పళ్లచక్రం మీది గీతలో చలనం లేదు.

"చూశావా? ఇంజను లాగేది పళ్లచక్రాన్ని. అది డ్రమ్ముని లాగాలి. రెంటికీ మధ్య మెత్తగా ఉండడానికి నాలుగు రబ్బరు దిమ్మలుంటాయి. అవి అరిగితే ఇంత ఖాళీ వస్తుంది. నువ్వు యాక్సిలేటర్ తిప్పినప్పుడల్లా పళ్లచక్రం ఈ ఖాళీలో పరిగెత్తుకుంటూ పోయి గుద్దుతోంది. ఆ గుద్దు నీ పెళ్లాం తింటోంది," అన్నాడు అద్దాలాయనతో.

"అదే నేను చెబుదామనుకున్నాను," అన్నాడు ప్రొఫెసర్.

"అనుకున్నది కాస్త నెల ముందు అనుకోవాల్సింది."

చక్రం ఊడదీసి డ్రమ్ము తెరిచారు. లోపల రబ్బరు దిమ్మలు లేవు. వాటి స్థానంలో నీలం రంగు ముక్కలు, నలిగి సగం పొడైపోయినవి, జిగురుగా అంటుకుని ఉన్నాయి. పాత హవాయి చెప్పు కోసి కుక్కిన ముక్కలవి. ప్రొఫెసర్ మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. తప్పు కార్బొరేటర్‌ది కానందుకు పోయిన పరువు తిరిగి రావడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

"చెప్పు ముక్కలా! ఛీ ఛీ! బావా, ఇది ఏ గాడిద చేసిన పనో గానీ, వాడి చేతికి స్పానర్ ఇచ్చినవాణ్ని తన్నాలి!"

వీధికంతా వినబడేలా అన్నాడు. ఎదురు షెడ్డులోంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

మేస్త్రి ఒక ముక్క తీసి గుడ్డతో తుడిచాడు. అంచు ఏటవాలుగా చెక్కి ఉంది. బెల్టు చివర చెక్కినట్టు. వీధిలో ఇంకెవరూ రబ్బరు అలా కొయ్యరు. తిన్నగా తెగ్గొడతారు. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఈ బండే, ఇదే చక్రం. అప్పుడు అసలు రబ్బర్లు ఎక్కడా దొరకలేదు. ఒక నెలకి సర్దుతాను, దొరకగానే మారుస్తానని అన్నాడు, ఏం పెట్టాడో మాత్రం వాళ్లకి చెప్పలేదు. బండి చక్కగా నడిచింది. వాళ్లు రాలేదు, ఈయన పిలవలేదు. తన పనితనం మీద తనకున్న నమ్మకమే మతిమరుపైంది.

ముక్కను జేబులో వేసుకోవచ్చు. ఆ గాడిద ఎవరో తేల్చేవాళ్లు లేరు. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ గాడిద నేనేరా," అన్నాడు మేస్త్రి.

వీధిలో నవ్వడానికి సిద్ధంగా తెరిచిన నోళ్లు అలాగే ఉండిపోయాయి.

"రెండేళ్ల కిందట నేనే పెట్టానమ్మా. నెలలో మారుస్తానని చెప్పి మర్చిపోయాను."

ఆవిడ ఆ నీలం ముక్కనీ, తన కట్టునీ మార్చిమార్చి చూసింది. "అయితే నా నాలుగు కుట్లూ మీ చెప్పు ముక్క వల్లనా?"

"అవును."

"పైగా వీళ్లందరినీ తిడుతూ కూర్చున్నారు!"

"తిట్టాల్సిన వరసలో ముందు నేనే ఉన్నానని తెలియక."

ఆయన బావమరిది వైపు తిరిగాడు. "ఒరేయ్, అసలు రబ్బర్లు ఇప్పుడైనా దొరుకుతున్నాయా?"

"అవా? ఏడాది నుంచీ ఉన్నాయిగా, నా కుర్చీ వెనక డబ్బాలో," అన్నాడు ప్రొఫెసర్. "ఎవరూ అడగలేదు."

ఈ మాటకి ఎవరు ఎవర్ని తిట్టాలో ఎవరికీ తోచలేదు. నెల రోజులుగా ఫారిన్ మందు సీసాలు అమ్మిన కుర్చీకి జానెడు దూరంలో ఆ డబ్బా దుమ్ము పట్టి ఉంది.

మేస్త్రి డ్రమ్ము లోపల గీరి, కడిగి, ఆరబెట్టాడు. కొత్త దిమ్మలు గట్టిగా ఉండి లోపలికి దిగకపోతే ప్రొఫెసర్ గ్రీజు డబ్బా అందించాడు. "గ్రీజు రబ్బరుని తినేస్తుందిరా, అది తీసుకెళ్లి నీ ఫోనుకి రాయి," అని ఆయన సబ్బునీళ్లు అద్ది ఒక్కొక్కటీ అరచేత్తో నొక్కి కూర్చోబెట్టాడు. చక్రం ఎక్కించాక చైను బిగువు చూశాడు. పూర్తిగా బిగించేయమని అద్దాలాయన తొందరపెట్టాడు. వినకుండా, మధ్యలో రెండు వేళ్ల మందం కదిలేలా వదిలాడు. అంత వదులూ లేకపోతే గుంతల్లో చైను తెగుతుంది. మళ్లీ సుద్దతో గీత గీసి చక్రం ఊపితే రెండు గీతలూ ఒక్కటిగా కదిలాయి.

"ఎక్కమ్మా," అన్నాడు.

"ఎక్కను. ముందు మీరు ఎక్కండి."

"ఎలాగూ ఎక్కుతాగా."

"వట్టి చేతుల్తో కాదు."

ఆవిడ దుకాణానికి వెళ్లి రెండడుగుల పలక తెచ్చింది. దుప్పటి చుట్టలేదు. అంచులు నూరలేదు, అప్పుడే కోసినట్టుంది. ఆయన చేతుల్లో పెట్టింది. మేస్త్రి పుచ్చుకుని వెనక ఎక్కాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. అద్దం అంచు అరచేతుల్లో కత్తిలా సన్నగా, చల్లగా ఆనుతోంది.

"నడుపు. మెల్లిగా కాదు, రోజూ నడిపినట్టే నడుపు."

బండి కదిలింది. అద్దాలాయన కావాలనే యాక్సిలేటర్ తిప్పాడు, వదిలాడు, తిప్పాడు. వీధి మలుపు దగ్గర గుంతలో దిగి ఎక్కింది. బండి సాఫీగా సాగిపోయిందే తప్ప తన్నలేదు. తిరిగొచ్చి ఆగేసరికి మేస్త్రి వీపు చెమటతో తడిసిపోయింది.

ఆవిడ ముందు పలకని కాదు, ఆయన అరచేతుల్ని తిప్పి చూసింది. రెండు ఎర్రటి గీతలు పడ్డాయి, రక్తం లేదు. తర్వాత పలక అంచు పొడవునా చూపుడువేలు నడిపించింది. ఎక్కడా పెచ్చు ఊడలేదు.

"బాగానే చేశారు," అంది. "దీనికోసం నేను చెయ్యి కోసుకోవాల్సింది కాదు."

"కాదమ్మా."

"మళ్లీ ఎప్పుడు చూపించాలి?"

"ఏడాదికి. మీరు మర్చిపోయినా నేను మీ దుకాణానికి వస్తాను."

"మీరు రావడం కాదు, మా గోడ మీద రాసి వెళ్లండి. మీ జ్ఞాపకశక్తి చూశాంగా."

ప్రొఫెసర్ అప్పటికే ఎదురు షెడ్డువాళ్లకి రబ్బరు దిమ్మల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మేస్త్రి సుద్దముక్క జేబులో వేసుకుని అద్దాల దుకాణం వైపు నడిచాడు. ఆవిడ పలకకి దుప్పటి చుట్టి వెనక ఎక్కింది. బండి ఆయన్ని దాటిపోతున్నప్పుడు ఆవిడ రెండు చేతులూ పలక మీదే బిగించి ఉన్నాయి. ఇరవై గజాలు పోయాక కట్టు ఉన్న చేతిని మెల్లిగా తీసి, మొహం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుంది.