చివరి స్తంభం దగ్గర మోటరు

ఉద్యోగం కొత్తలో మనిషికి ఒక వింత జబ్బు ఉంటుంది. తన చదువు కోసమే ఊరంతా కాచుకుని ఉందనుకుంటాడు. కోయిలకుంట్ల వైపు కరెంటు ఇంజనీరుగా చేరిన ఆ రోజుల్లో నాకది బాగా ముదిరింది. ల్యాప్‌టాప్ లేకుండా టీకి కూడా వెళ్లేవాణ్ణి కాదు (చూసేవాళ్లెవరూ లేకపోయినా). ఏ తీగలో ఎంత కరెంటు పారితే దారిలో వృథా (మా భాషలో నష్టం) అతి తక్కువో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసుకున్నాను. దానికి త్వరలోనే పని దొరికింది.

ఒక లైనులో చివరి స్తంభం దగ్గర ఒక అక్క మిరపతోట వేసింది. అక్కడి రైతులంతా మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. చేలకిచ్చే త్రీఫేజ్ కరెంటు రాగానే, మనిషి ఇంట్లో ఉన్నా సరే, మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. దాంతో వోల్టేజి పడిపోయి, అక్క మోటరు గుయ్‌మని మూలిగి ఊరుకునేది. పూతకొచ్చిన తోట వాడిపోతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఆ ఏడు ఆమెకు పంట లేనట్టే.

ఊరివాళ్లను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పిలిపించి, గొంతు సవరించుకుని, అందరి ముందే ప్రోగ్రామ్ నడిపాను (జవాబు ముందుగా చూసుకోవాలన్న ఇంగితం లేదు). వచ్చింది వచ్చినట్టు చదివేశాను: చివరి మోటరు తీసేస్తే లైనులో నష్టం బాగా తగ్గుతుంది!

అక్క కొంగు నడుముకు బిగించింది. "మా ఇంట్లోనూ బియ్యం శానా అయిపోతాండాయప్పా. మా ఇంటాయనకు కూడు పెట్టకుంటే మిగులుతాయంటావా?" అంది. ఆ ఇంటాయనతో సహా అందరూ నవ్వారు. నేను ల్యాప్‌టాప్ వెనక దాక్కోవాలని చూశాను గానీ, అది చిన్నది.

నాతో పాటు వచ్చిన మా పై అధికారి, కడప మేడం మాత్రం నవ్వలేదు. అదే ఆమె గొప్ప. గట్టు మీద నా పక్కనే కూర్చుని, "లెక్క బాగుండాదప్పా, నువ్వు అడిగిందే బాగలేదు. నష్టం తగ్గల్లన్నావు. అందరి చేన్లకూ నీళ్లు పారల్ల అని దానికి యాడ చెప్పినావు?" అంది. ఆ మాట కూడా చేర్పించి మళ్లీ నడిపించింది. ఈసారి చివరి మోటరు మొదట, మిగతావి వంతులవారీగా అని వచ్చింది. గణితం ఎంత మర్యాద గలదో నాకప్పుడు తెలిసింది. అడిగినదానికి మించి ఒక్క ముక్క మాట్లాడదు.

వంతులంటే ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయాలి. లైను మొదట్లో చేనున్న మీసాల మామ భగ్గుమన్నాడు. "కరెంటు వచ్చినప్పుడంతా చేనికి పరిగెత్తల్లనా మ్యాడం?"

"ఈ పూటకు తీసి చూడు మామా. ఆయమ్మ మోటరు నీ చేత్తోనే ఎయ్యి. అది ఎత్తుకోకపోతే నీ స్టార్టరు నేనే బిగిస్తా."

పెద్దరికం చేతికిస్తే ఎవరు కాదంటారు? స్టార్టర్లన్నీ తీయించాక, మామ మీసం దువ్వుకుంటూ వెళ్లి అక్క మోటరు వేశాడు. అది ఒకసారి దగ్గి, బుడబుడమంటూ నీళ్లు పోసింది. అక్క నీళ్లలో చేయి పెట్టి, "వచ్చినాయి మ్యాడం" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఆ తర్వాత వంతులు పెట్టింది తానేనని మామ ఊరంతా చెప్పుకున్నాడు. మేడం ఒక్కసారైనా కాదనలేదు.)

ఇప్పుడు కడపలో పెద్ద తెర ముందు కూర్చుని ఇంకా పెద్ద లెక్కలు చేస్తున్నాను. జవాబులు సరిగ్గానే వస్తాయి. చూసి నవ్వేవాళ్లు లేరు, ఏడ్చేవాళ్లూ లేరు. ఆ రోజు బూట్లతో సహా కాలువలో నిలబడి, నీళ్లొచ్చాయని మేడంకే మళ్లీ మళ్లీ చెబుతున్న ఆ కుర్ర ఇంజనీరుని తలచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం అసూయ కూడా.