మట్టల ఆదివారం, మిరప కల్లం

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు మా చర్చి సంఘమంతా తెల్లబట్టలు కట్టుకుని, ఈతమట్టలు పట్టుకుని, పాటలు పాడుతూ ఊరు చుట్టి వస్తుంది. ఆ ఏడు ఊరేగింపును వరస తప్పకుండా నడిపించే పని నాకు అప్పగించారు. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కదా, పిల్లల్ని నడిపించినట్టే పెద్దల్నీ నడిపిస్తానని వాళ్ల నమ్మకం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందనీ వాళ్లకు తెలుసు.

పర్చూరు రోడ్డు మీదికి వచ్చేసరికి పడమటి దిక్కున మబ్బు కమ్ముకొచ్చింది. పక్కనే కల్లంలో ఒకామె మిరపకాయలు కుప్ప చేయడానికి ఒంటరిగా తంటాలు పడుతోంది. మా సంఘం మనిషి కాదు. భర్త పోయాక చేను కౌలుకు తీసుకుని సాగు చేస్తోంది. ఏడాది కష్టమంతా అక్కడ ఎర్రగా ఆరబోసి ఉంది. కాయ తడిస్తే రంగు పోతుంది, ఇక మార్కెట్ యార్డులో దాని మొహం ఎవరూ చూడరు.

పాస్టరు గారు పాట ఆపేశారు. "ముందు కాయ ఎత్తండి, హోసన్నా తర్వాత" అన్నారు. గంటకు తక్కువ ప్రసంగం చెప్పి ఎరగని మనిషి ఆయన.

నా వరస కాస్తా గంగలో కలిసింది. అందరం కల్లంలోకి దూకాం. చేతిలోని మట్టలతోనే కాయ ఊడ్చాం, కొంగుల్లో ఎత్తి మధ్యలో కుప్ప పోశాం. ఘాటు లేచింది. పాడబోయిన వాళ్లంతా తుమ్మడమే. ఇస్త్రీ నలగనివ్వని సంఘపెద్ద ఒకాయన ఏకంగా కుప్ప మీద బోర్లా పడ్డాడు. "వరస, టీచరమ్మా, వరస" అని పాస్టరమ్మ గారు నన్ను ఆటపట్టిస్తుంటే నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది. ఆమె తెచ్చిన టార్పాలిన్ పట్టా కప్పి రాళ్లు పెట్టామో లేదో, వాన దబదబా దిగింది. తడిసి ముద్దయి, ఊరంతా వినపడేలా పాడాం.

వాన వెలిశాక ఆమె పట్టా ఎత్తి చూసింది. ఒక్క కాయ తడవలేదు. మేం మెచ్చుకోలు కోసం నిలబడ్డాం.

"మేలుకాయ, తాలుకాయ కలిపేశారేంటమ్మా?" అంది.

రంగు పోయిన తాలుకాయను ఏరించి, ఓ మూల విడిగా పోసుకుందట. మాలో సగం మంది ఏటా కాయ ఏరే కూలికి పోయేవాళ్లే. పండగ ఊపులో ఒక్కరికీ తట్టలేదు.

"ఇట్టా తీసుకెళ్తే మొత్తం తాలు కిందే లెక్కేస్తారు. వాన ముంచుద్దనుకుంటే మీరు ముంచారు" అని ఆమె నేల మీద కూలబడింది.

పాస్టరు గారు చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కూర్చున్నారు. "ఈ రోజు ఆరాధన ఇక్కడేనమ్మా. ఏరేసి పోతాం" అని కాయ మీద చెయ్యి వేయబోయారు.

"తడి చేతులతో ముట్టుకోబాకండి అయ్యగారూ" అని ఆమె గట్టిగా కేకేసింది.

ఇళ్లకు పరిగెత్తి బట్టలు మార్చుకుని మళ్లీ వచ్చాం. కుప్ప చుట్టూ గుంపులుగా కూర్చుని పోటీలు పడి ఏరాం. సంఘపెద్ద ఏరిన కాయ ఆమె మళ్లీ ఏరాల్సి వచ్చింది. "మీరు పాట పాడండయ్యా, చాలు" అని ఆయన్ని లేపేసింది. ఆమె నవ్వడం అప్పుడే చూశాను. ప్రాణం లేచి వచ్చింది.

పొద్దుగూకేసరికి రెండు కుప్పలూ వేరయ్యాయి. అందరూ లేస్తుంటే ఆమె నా పక్కకు వచ్చింది. "ఇంతమంది నాకోసం వచ్చింది మా ఆయన పోయిన రోజేనమ్మా. మళ్లా ఇదే" అంది.

కాయ ఏరిన చేతులన్న సంగతి మర్చిపోయి ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. "మెడ మండుతుంది టీచరమ్మా, వదులు" అని నవ్వుతూ గింజుకుంది. నేను వదల్లేదు.