వార్తాహరుడి దారిలో పెళ్ళిగుర్రం

నా నవల మూడో ప్రకరణంలో ఒక వార్తాహరుడు కంటోన్మెంటు వైపు నుంచి బయలుదేరి, బాలానగర్ మీదుగా, కోకాపేట దాటాక ఉన్న జాగీర్దారు బసకు రాత్రంతా గుర్రం మీద దూసుకుపోతాడు. తెల్లవారుతుండగా దిగి, నడుము నిటారుగా నిలబెట్టి, పేజీన్నర ప్రసంగం చేస్తాడు. ఆ పేజీన్నర రాసిన రోజు నాకు అన్నం కూడా సహించలేదు, అంత గొప్పగా వచ్చిందనుకున్నాను.

నేను ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం. పందొమ్మిదో శతాబ్దంలో నిజాం రాజ్యపు ప్రయాణాల మీద వ్యాసం రాయాలి. అది రాయకుండా నవల రాస్తున్నాను. ఏలూరులో ఉన్న మా అన్నయ్య మాత్రం సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని వారానికొకసారి ఫోన్ చేస్తాడు. నవల బాగుందని నా వ్యాసానికి గైడుగా ఉన్న మా మేడం ఒక్క మాట అంటే అన్నయ్యకు గట్టిగా జవాబు చెప్పొచ్చని మూడో ప్రకరణం ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇంత కాస్త దూరానికి రాత్రంతా ఎందుకు పట్టింది రూతూ? గుర్రం కుంటిదా?" అన్నారు మేడం. "పోనీ, మధ్యలో నీళ్ళయినా తాగిందా?"

గుర్రం, నీళ్ళు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"ఎప్పుడైనా గుర్రం ఎక్కావా? కనీసం ఆ దారిలో వెళ్ళావా? వెళ్ళి రా. వచ్చాక మిగతాది చదువుతాను."

అలా ఒక శనివారం పొద్దున, గోపన్‌పల్లిలో నేనుండే హాస్టల్లో ఉప్మా తిని, టోపీ, నీళ్ళసీసా, పాత పటం నకలు పెట్టుకుని బయలుదేరాను. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. పక్కన నర్సు యూనిఫాంలో ఉన్న ఒకావిడ నా పటం చూసి "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగింది. హిస్టరీ అన్నాను. "సివిల్స్‌కా?" అంది. నవల కోసమని చెప్పాను. ఆవిడ పటం మీంచి తల ఎత్తి, "ఇంట్లో తెలుసా?" అంది.

భరత్‌నగర్‌లో దిగి ఆటోలో బాలానగర్ చేరాను. నా వార్తాహరుడు ఇక్కడ చిరుతపులి అరుపు వింటాడు. నాకు షెడ్లలో ఇనుము కోస్తున్న చప్పుడు తప్ప ఏదీ వినిపించలేదు. అక్కడి నుంచి బస్సులో హైటెక్ సిటీ. ఫ్లైఓవర్ కింద బస్సు ఎంతసేపు ఆగిందంటే, రాత్రంతా ప్రయాణం చేసిన నా కథానాయకుడి మీద గౌరవం పెరిగింది. "ఏనుగుల మందలా నిలిచిన బండలు" అని నేను వర్ణించిన చోట అద్దాల మేడ ఉంది. దాని ముందు నిలబడి పటాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే సెక్యూరిటీ ఆయన వచ్చి, "ఇంటర్వ్యూ ఉందా మేడం? గేటు అటు సైడు" అన్నాడు. అన్నయ్యే పంపించాడేమో అనిపించింది.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో పప్పూ అన్నం తిని ఇంకో బస్సు ఎక్కాను. కోకాపేటలో దిగేసరికి నాలుగు దాటింది. టవర్ల వెనక ఖాళీ జాగాలో రేకుల కొట్టం, దాని ముందు ఒక తెల్ల గుర్రం. యాదయ్య అనే ఆయన దానికి జరీ గుడ్డ కప్పుతున్నాడు. గుర్రం బకెట్టు నీళ్ళు తాగి ఇంకో బకెట్టుకు మూతి చాచింది. అది పెళ్ళిళ్ళకు పోయే గుర్రం. ఆ సాయంత్రం దగ్గర్లోని ఫంక్షన్ హాలుకు వెళ్ళాలి.

"రాత్రంతా పరుగెత్తగలదా అండి?" అని అడిగాను.

"నాకేం ఎర్కమ్మా. ఇది హాలు దాకా పోతది, వస్తది. ఉరుకుడు మేం ఎన్నడు సూడలే."

నా సంగతి విని నవ్వుకుని, హాలు దాకా గుర్రం మీద తీసుకెళ్తానన్నాడు. స్టూలు వేసినా ఎక్కడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. పైన కూర్చున్నాక భూమి చాలా దూరంలో ఉంది.

"ఫికర్ జెయ్యకు. జర బిగ్గరగ పట్టుకో."

గుర్రం నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. ఏమైందని అడిగాను.

"ముందట డాన్సు జేశెటోళ్ళు ఉంటరు గద. గదే అలవాటు" అన్నాడు యాదయ్య.

లేని డాన్సు కోసం ఆగుతూ పోతుండగా హాలు దగ్గర బ్యాండు మొదలైంది. ఆ చప్పుడుకు గుర్రం చెవులు నిక్కించి, యాదయ్య చేతిలోని తాడు లాక్కుని, తిన్నగా జనం మధ్యలోకి నడిచి కాళ్ళు ఎగరేయసాగింది. నేను దాని మెడ కౌగిలించుకుని, చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న ప్రార్థనలన్నీ కలిపి చదివాను. కళ్ళు తెరిస్తే పెళ్ళివారంతా నావైపే చూస్తున్నారు.

"ఎవరమ్మాయ్ నువ్వు? అబ్బాయి ఎక్కాల్సిన గుర్రం అది" అంది పట్టుచీర కట్టుకున్న ఒకావిడ. ఆవిడ పెళ్ళికొడుకు తల్లి.

యాదయ్య నన్ను దించాడు. నేను పక్కనున్న కారును పట్టుకున్నాను. పెళ్ళికొడుకు దగ్గరికొచ్చాడు. తలపాగా కింద ముఖమంతా చెమట.

"పైన ఎలా ఉంటుందండి?" అని మెల్లగా అడిగాడు. "చిన్నప్పుడు బీచ్‌లో గుర్రం మీంచి పడ్డాను. ఫ్రెండ్స్ ఆ సంగతి తెలియక బుక్ చేసేశారు. వద్దంటే నవ్వుతారు."

ఏమీ కాదని చెప్పొచ్చు. నవలలో అయితే అదే రాసేదాన్ని.

"చాలా భయంగా ఉంటుందండి" అన్నాను. "నేను ఏడవబోయాను. మెడ మాత్రం వెచ్చగా ఉంటుంది. దాని మీద చెయ్యి వేసి ఉంచండి."

అతను ఒక్క క్షణం గుర్రాన్ని చూశాడు. తర్వాత స్నేహితులవైపు తిరిగి, "నాకు భయంరా. ఇద్దరు చెరోపక్క పట్టుకోండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. ఊరేగింపు పొడుగునా అతని చెయ్యి గుర్రం మెడ మీదే ఉంది. అతని తల్లి నన్ను భోజనం చేయకుండా పోనివ్వలేదు. నిలబడే తిన్నాను.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇస్తూ "కూసో అమ్మా" అంది.

"గుర్రం ఎక్కి వచ్చాను అక్కా. కూర్చోలేను."

"ఏడికెంచి?"

"కోకాపేట టవర్ల వెనకనుంచి, ఫంక్షన్ హాలు దాకా."

"గింతేనా" అని ఆమె ముందుకు వెళ్ళిపోయింది.

నిజమే, ఇంతే. కడ్డీ పట్టుకుని, మేడంకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. రెండేళ్ళుగా లైబ్రరీ కుర్చీలోంచి నేను ఆ శతాబ్దమంతా స్వారీ చేశాను, ఒక్కసారి కూడా అలవలేదు. తొడలు మండేలా ఈ రోజు చేసింది మహా అయితే రెండు ఫర్లాంగులు. ఆ కాలపు మనుషులకు కూడా అలిసే ఒళ్ళు ఉండేదని నాకు మొదటిసారి తోచింది ఆ రెండు ఫర్లాంగుల్లోనే.