చప్పిడి పత్యం అడిగిన డాక్టరమ్మ

నిన్న విశాఖలో, నేను పనిచేసే క్యాన్సర్ వార్డులో, ఒక రోగి తల్లి కొంగుచాటున దాచిన స్టీలు గ్లాసు మూత తీసింది. కామెర్లకు పోసే నేల ఉసిరి పసరు. నచ్చజెప్పి గ్లాసు పక్కన పెట్టించాను గానీ, ఆ పచ్చివాసనకి మా చోడవరం కరుణమ్మ డాక్టరుగారు కళ్లముందు నిలబడ్డారు. నర్సుగా నా మొదటి ఉద్యోగం ఆవిడ క్లినిక్‌లోనే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పే.

ఒకరోజు రోలుగుంట నుంచి అప్పలనాయుడనే చెరకు రైతు బావమరిదితో వచ్చాడు. మెడలో గడ్డలు లింఫోమా అనే క్యాన్సరని తేలింది. మర్నాడే పట్నంలో మందు ఎక్కించాలి. వెళ్లేముందు బీపీ చూపించుకుందామని వచ్చాడు. హెపటైటిస్ బి మామూలు పరీక్షలో ఏమీ లేదు. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని నేను అడిగితే లేదన్నాడు. మావైపు పసరుతో తగ్గిన కామెర్లను ఎవరూ రోగంగా లెక్కపెట్టరు. ఆ సంగతి తెలిసిన డాక్టరుగారు మరోలా అడిగారు.

“ఎప్పుడైనా ఉప్పూ నూనే లేకుండా చప్పిడి పత్యం చేసేవా బాబూ?”

“చేసేనమ్మా! సిన్నప్పుడు కళ్లు పచ్చబడితే మాయమ్మ పసరు పోయించింది. అదిప్పుడెందుకు?”

ఆవిడ వెంటనే ఇంకో రక్తపరీక్ష రాసి, మందు ఆపమని పట్నం డాక్టరుకు ఫోన్ చేశారు. బావమరిది మండిపడ్డాడు.

“కేన్సరు పెట్టుకుని కామెర్ల గొడవేటమ్మా? ఈలోగా మనిషి పోతే ఎవరిది పూచీ?”

కరుణమ్మగారు గొంతు పెంచలేదు సరికదా, ఇంకా తగ్గించారు. “నాదే నాయనా. ఆ కామెర్ల వైరస్ తగ్గినట్టే ఉండి లివర్లో పడుకుని ఉంటాది. ఈ మందు గడ్డల్తోపాటు ఒంట్లో కాపలా కూడా తీసేస్తాది. అప్పుడది లేచిందంటే, గడ్డ కరిగినా మనిషి దక్కడు. ముందు దానికి మాత్ర మొదలెడదాం.”

రెండో పరీక్షలో పాత హెపటైటిస్ జాడ దొరికింది. మాత్ర మొదలయ్యాకే లింఫోమా మందు ఎక్కించారు. గడ్డలు కరిగాయి, లివర్ చెక్కుచెదరలేదు. ఇక ఒళ్లు బాగుందని అప్పలనాయుడు మాత్ర మానేశాడని తెలిసి, ఆవిడ నన్ను వెంటబెట్టుకుని చెరకు తోటకే వెళ్లారు. “నేను సెప్పేదాకా మానకు. అది ఇంకా లేవగలదు” అంటూ గట్టుమీద నిలబడి మింగించారు. మంచినీళ్ల చెంబు అందించింది ఆ బావమరిదే. నాకెంత గర్వమనిపించిందో!

ఆవిడ పోయారు. క్లినిక్ మూతపడింది. ఇవాళ నా వార్డులో ఆలస్యమైందని బంధువులు ఎంత కేకలేసినా, ఆ రెండో పరీక్ష సంగతి తేలకుండా మందు సీసా ముట్టుకోను. గొంతు మాత్రం పెంచను. కరుణమ్మగారి దగ్గర పని నేర్చుకున్నదాన్నండీ మరి.