కంత్రీసైడు

పోయిన ఆదివారం సాయంత్రం ఇంగ్లండు నుంచి మా చెల్లెలి మనవరాలు వీడియో కాల్ చేసింది. అక్కడేదో పల్లెటూళ్ళో ముసలివాళ్ళని చూసుకునే నర్సు ఉద్యోగం ఆ పిల్లది. తను అద్దెకున్న ఇంటావిడ కుక్కని సెలవు రోజుల్లో తిప్పే పని కూడా నెత్తినేసుకుంది. "తాతా, అసలైన కంత్రీసైడు చూపిస్తాను, చూడండి" అంటూ ఫోను అటు తిప్పింది. పచ్చటి పొలాలు, వాటి మధ్య నుంచి మనిషి పట్టేంత కాలిబాట. పొలం ఎవరిదో గానీ బాట మాత్రం అందరిదీనట, ఎవరూ ఎవర్నీ ఆపరట. అయినా కుక్కని తిప్పడానికి మంచి చోటు దొరకడం కష్టంగానే ఉందని ఆ పిల్ల గొణుగుడు! నేను ఆ పచ్చదనం సరిగ్గా చూడనేలేదు. మా గది మూల గోనెపట్టాలా పడి ఉన్న మా ముసలి కుక్క జిమ్మీ, ఆ మాట చెవిన పడగానే వణికే వెనక్కాళ్ళ మీద లేచి, సగం కనపడని కళ్ళతో గోడని రాసుకుంటూ వెళ్ళి వీధి తలుపు ముందు నిలబడింది. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఆ మాటొద్దని సెప్పినాను కదే తల్లీ" అంటూ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది గానీ, అప్పటికే అయిపోయింది.

ఆ మాట మా ఇంట్లో అనకూడదు. అంటే కుక్క బయటికి వెళ్దామని లేస్తుంది, తీసుకెళ్ళడానికి ఈ ఊళ్ళో నాకు చోటు లేదు. ఒకప్పుడు బెంగాల్లోని ఇదే ఖరగ్‌పూర్‌లో చోటు తప్ప మాకింకేమీ ఉండేది కాదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు, నా ఈడు వాళ్ళు మీరైనా నమ్మండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాడు, నాన్న అక్కడే ఫిట్టరు, తర్వాత నేనూ ఆ గేటులోంచే లోపలికెళ్ళి తల నెరిశాక బయటికొచ్చాను. నా చిన్నతనంలో మా పక్క క్వార్టర్లో గూడ్సు బండి గార్డు ఒకాయన ఉండేవాడు, ఆంగ్లో-ఇండియన్, పెళ్ళాం పిల్లలు లేరు, ఒక్క కుక్క ఉండేది. మేమంతా గార్డు తాత అనేవాళ్ళం. ఆయన ఇంగ్లండు మొహం చూసినవాడు కాడు, ఆయన బండి టాటానగర్ దాటిందే తక్కువ. కానీ ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఖాకీ నిక్కరు తొడిగి, చేతికర్ర పట్టుకుని, "చలో బచ్చాలోగ్, కంట్రీసైడ్!" అని కేకేసేవాడు. ఆ కేకకి కుక్కా మేమూ ఒకేసారి గెంతేవాళ్ళం.

క్వార్టర్ల వెనక సందులోంచి, బొగ్గు బూడిద గుట్టలు దాటి, పట్టాలు దాటి, హిజ్లీ వైపు ఎర్రమట్టి నేల ఎంత దూరమంటే అంత దూరం పరుచుకుని ఉండేది. దాని చివర సాల చెట్లు. గేదెలు పొర్లాడే మురికి వాగుని చూపించి అది ఇంగ్లండులో సెలయేరు లాంటిదనేవాడు ఆయన, గాడి పడ్డ బండిదారిని చూపించి ఇది పల్లెబాట అనేవాడు, మేం నోళ్ళు తెరిచి నమ్మేవాళ్ళం. ఒకచోట పుచ్చిపోయిన రెండు స్లీపరు చెక్కలు నిలబెట్టి ఉండేవి, వాటి మధ్య గేటూ లేదు గీటూ లేదు. అయినా అందరికన్నా వెనక వచ్చేవాడు అక్కడ ఆగి, ఉత్త గాలిని పట్టుకుని లాగి, గడియ పెట్టి మరీ రావాలి. గేటు మూయకపోతే రైతు పశువులు తప్పిపోతాయి, మళ్ళీ మనల్ని రానివ్వరు అనేవాడు గార్డు తాత. లేని రైతు, లేని పశువులు, లేని గేటు! నేను మాత్రం ఒక్కసారి కూడా మూయకుండా రాలేదు.

ఇక మా అమ్మకి ఇంగ్లీషు కంట్రీ తెలీదు గానీ, బజారులో వాళ్ళూ వీళ్ళూ అనే కంత్రీ బాగా తెలుసు. ఆదివారం ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని ఆ ముసలాయన కంత్రీవాళ్ళు తిరిగే సైడుకి వెళ్తున్నాడని ఆవిడకి అర్థమైంది. "ఏట్రా, కంత్రీ సైడుకెల్తన్నారేటి? ఆ గార్డు ముసిలాడికి మతి పోనాది. ఇంకోసారెల్తే కాళ్ళిరగ్గొట్టేత్తాను" అని మమ్మల్ని ఉతికి, చీపురు చేత్తోనే ఆయన గుమ్మం మీదికి యుద్ధానికెళ్ళింది. ఆయన టోపీ తీసి గుండెలకి ఆనించుకుని హిందీలో ఏదో సంజాయిషీ చెప్పుకుంటాడు, ఈవిడ తెలుగులో కడిగేస్తుంది, మధ్యలో కుక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంది. చివరికి నాన్న వచ్చి సంగతి విడమర్చి చెబితే అమ్మ అక్కడే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో, తర్వాత మా వరుస క్వార్టర్లన్నిట్లో కుక్కని బయట తిప్పడానికి పేరు కంత్రీసైడే. "కుక్కకి కంత్రీసైడు అయిందా?" అంటే దాని పని అయిందా అని.

గార్డు తాత పోయాక ఆయన కుక్క జిమ్మీ వచ్చి మా వరండాలో కూర్చుంది, మేం పొమ్మనలేదు. తర్వాత మా ఇంటికొచ్చిన కుక్కలన్నీ జిమ్మీలే, అన్నీ ఆ మాటకి లేచినవే. ఆయన నేర్పిన మర్యాద కూడా మేం ఏ జిమ్మీకీ తప్పనివ్వలేదు: గుమ్మం, అరుగు, సిమెంటు ముట్టకూడదు, ఏదైనా మట్టి మీదే. ఆ మర్యాదే ఇవాళ మా కొంప ముంచింది.

రిటైరై క్వార్టరు వదిలి సుభాష్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చినప్పుడు వెనక ఒక ఖాళీ స్థలం ఉండేది. ఆ మురిపెం ఎన్నాళ్ళో సాగలేదు, అక్కడా ఫ్లాట్లు లేచాయి. సందుల్లో గోడ నుంచి గోడ దాకా టైల్సు పరిచేశారు. ఒక్కో సందుకీ ఒక్కో వీధికుక్కల దండు, మా ముసలిది కనపడితే చీల్చడానికి సిద్ధం. ఆటస్థలానికి తీసుకెళ్తే పొద్దుటి నడకవాళ్ళు "దాదా, కుకుర్ నియే ఏఖానే ఆష్‌బేన్ నా" అని మర్యాదగానే చెప్పారు, కుక్కతో ఇక్కడికి రావొద్దని. టోటోలని ఇక్కడ తిరిగే బ్యాటరీ రిక్షాల వాళ్ళు కుక్కని ఎక్కించుకోరు. బతిమాలి ఒకణ్ణి ఒప్పించి, ప్రేమ్ బజార్ దాటి ఆ పాత సాల చెట్లవైపు పోతే, అక్కడ ప్లాట్లు వేసి ప్రహరీ కట్టి ఇనుప గేటు పెట్టారు. గేటు దగ్గర కాపలావాడు "కిస్‌కే ఘర్ జానా హై?" అన్నాడు. ఎవరింటికీ కాదు నాయనా, ఊరికే నడవడానికి అన్నాను. ఎవరింటికీ కాకుండా మనిషి లోపలికెందుకు వస్తాడో అతనికి అంతు పట్టలేదు, టోటోని వెనక్కి తిప్పించాను.

ఆఖరికి మా పాత క్వార్టర్లు పడగొట్టిన చోట ఎర్రమట్టి బయటపడితే, కొన్నాళ్ళు అక్కడికి వెళ్ళాం. నేను పుట్టిన గది ఉన్నచోట జిమ్మీ తన పని చేసుకునేది, నాకేం తప్పనిపించలేదు. ఈ మధ్యనే దాని చుట్టూ రేకులు పాతేశారు. ఆ రోజు జిమ్మీ రేకు కింది సందులో ముక్కు దూర్చి, అవతలి మట్టి వాసన పీలుస్తూ ఎంతకీ కదలనంది.

అప్పటి నుంచి అది బిగబట్టుకుంటోంది. ఎప్పుడో ప్రాణం మీదికొస్తే రోడ్డు వార కాస్త దుమ్ము వెతుక్కుంటుంది. ఇలాగైతే లోపల చెడిపోతుంది, మందుల కన్నా మట్టి మీద తిప్పడం ముఖ్యం అన్నాడు పశువుల డాక్టరు. మట్టి ఏ షాపులో దొరుకుతుంది సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆదివారం ఫోను పెట్టేశాక కూడా అది తలుపు దగ్గర నుంచి కదల్లేదు. చూడలేక మా ఆవిడ కిందికి దిగి, పక్కన పునాదులు తవ్వుతున్న మేస్త్రీని అడిగి సిమెంటు సంచీలో ఎర్రమట్టి తెచ్చింది, మోకాళ్ళ నొప్పులతో మూడు అంతస్తులూ ఈడ్చుకుంటూ. "మనం మట్టి కాడికెల్లలేకపోతే మట్టే మన కాడికొత్తాది, ఏటండీ?" అని బాల్కనీలో పరిచింది. జిమ్మీని ఎత్తి దాని మీద దింపాం. చుట్టూ వాసన చూసింది. కాసేపు మా ఇద్దరి వైపూ ముక్కెత్తి, అక్కడే గుండ్రంగా తిరిగి, మట్టికి గడ్డం ఆనించి పడుకుంది. మా ఆవిడకి దుఃఖం ఆగలేదు. అనొద్దన్న ఆవిడే దాని చెవి దగ్గర వంగి "కంత్రీసైడురా నాయనా, కంత్రీసైడు, లెగు" అంది. తోక ఒక్కసారి మట్టి మీద కొట్టింది. లేవలేదు.

తెల్లారి చూస్తే పడుకున్నచోటే తడిపేసుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేయని పని. మేం తిట్టలేదు, తడి గుడ్డతో ఒళ్ళు తుడిచాం. అది మాత్రం పెద్ద తప్పు చేసినట్టు మా వైపు చూడకుండా గోడకి మొహం పెట్టుకుంది. ఎవరిది తప్పని దానికి చెప్పను?

ఊరు పెరిగింది, నేనూ కాదనను. మేం ఉంటున్న ఫ్లాటు కూడా ఎవరో ఆడుకున్న నేల మీదే లేచి ఉంటుంది. కానీ లేని గేటుని కూడా మూసొచ్చిన చేతులు ఇవి, ఈ చేతులకి ఇవాళ ఒక్క గేటూ తెరుచుకోదు. మీలో ఎవరి ఊళ్ళోనైనా, ఎవరింటికని అడగని మట్టి నాలుగు గజాలు మిగిలి ఉంటే కాస్త కబురు చెయ్యండి. జిమ్మీ ఇక నడవలేదు, ఎత్తుకునే తీసుకొస్తాను. వెళ్ళేటప్పుడు గేటు మూసే వెళ్తాం.