పిండొద్దు, నొక్కాలి

ఎనభై మూడో సంవత్సరం, మే నెల. అమరావతి రోడ్డులోని తన మెకానిక్ షెడ్డు ముందు ఆగిన ఎర్ర కారు బానెట్టు ఎత్తి చూసి, ఏసోబు తల పట్టుకున్నాడు. ఇంజనుకు గాలి అందించే రెండు కార్బొరేటర్లకు తగిలించిన స్పాంజి ఫిల్టర్లు నల్లగా, నూనె తేమతో మెరుస్తూ ఉండాలి. రెండూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వేలితో గీస్తే పెచ్చు ఊడొచ్చింది.

"యలమందయ్యగారూ, కడగమని చెప్పి పదిహేను రోజులు కాలేదే! ఇవి ఫిల్టర్లా, సున్నం కొట్టిన గోడలా?"

యలమందయ్య ఆ పొట్టి కారులోంచి ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని కష్టం మీద లేచాడు. బ్రాడీపేటలో ఇల్లు, పిడుగురాళ్లలో నాలుగు సున్నపు బట్టీలు ఉన్న మనిషి. మద్రాసులో ఎవరో అమ్ముతుంటే మోజుపడి ఈ ఇంగ్లీషు రేసు కారు కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, వయసు ఇరవై ఏళ్లు. వారానికి మూడుసార్లు దాంట్లోనే బట్టీల దగ్గరకు వెళ్లొస్తాడు.

"దులిపించాను గదా ఏసోబూ. మా బాషా చెట్టుకేసి కొట్టాడు కూడాను."

"చెట్టుకేసి కొట్టాడా?"

"పరుపు దులిపినట్టు దులిపాడు. దుమ్మంతా పోయిందన్నాడు."

ఏసోబు ఫిల్టర్లు రెండూ ఊడదీసి, కిరసనాయిలు డబ్బాలో వేసి, కాసేపు ఆ డబ్బా వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆదివారం చర్చిలో ఓర్పు కోసం ప్రార్థన చేసుకుని ఇంకా మూడు రోజులు కాలేదు. ఆయన భార్య సంతోషకుమారి మిషన్ స్కూల్లో పంతులమ్మ. "నువ్వడిగిన ఓర్పు దేవుడు ఇస్తూనే ఉన్నాడు. సోమవారం పదింటికల్లా అవగొట్టేస్తున్నావు" అని ఆవిడ ఎప్పుడూ అనేది.

ఏసోబుది సత్తెనపల్లి దగ్గర పల్లె. తండ్రి తోమా పిడుగురాళ్ల బట్టీల్లో కూలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని సున్నం ఎత్తేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ తువ్వాలు జాడిస్తే నీళ్లు పాలలా తెల్లబడేవి. అయినా రొమ్ము పట్టేసి, దగ్గి దగ్గి, నలభై ఐదేళ్లకే పోయాడు. ఏసోబు ఎనిమిదో తరగతితో చదువు ఆపి, పొలాల్లో నీళ్లు తోడే ఆయిలింజన్లు బాగుచెయ్యడం నేర్చాడు. తర్వాత ట్రాక్టర్లు. ఆపైన పన్నెండేళ్లు ఒక పొగాకు కంపెనీ గ్యారేజీలో లారీలు. నలభై దాటాక సొంత షెడ్డు. ఏ బండి వచ్చినా ముందు గాలి పోయే దారే విప్పి చూసేవాడు. "ఊపిరి సరిగ్గా ఆడితే మిగతా జబ్బులు సగం ఉండవు" అనేవాడు.

ఆ కారుతో పాటు మద్రాసు నుంచి ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. మిషన్ స్కూలు ఇంగ్లీషుతో ఏసోబు దాన్ని కూడబలుక్కుని చదివాడు. స్పాంజిని కిరసనాయిల్లో నానబెట్టాలి. సబ్బునీళ్లలో నొక్కుతూ కడగాలి. మెలితిప్పి పిండకూడదు. నీడన ఆరబెట్టాలి. తడి పూర్తిగా పోయాక ఇంజను నూనె పట్టించి, గుడ్డలో పెట్టి అదిమి, ఎక్కువైన నూనె తీసెయ్యాలి. ఆ నూనె జిగటే దుమ్మును పట్టేది. ఉత్త పొడి స్పాంజి జల్లెడతో సమానం. ఇంతే. చంటిబిడ్డకు నీళ్లు పోసినంత పని కూడా కాదు.

ఇదంతా ఏసోబు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి యలమందయ్యకు ఇచ్చాడు. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కా చాకలికి వెళ్లిపోయింది.

జూలైలో డ్రైవరు గౌస్ బాషా స్పాంజిని తువ్వాలు పిండినట్టు పిండాడు. అది నిలువునా చిరిగింది.

"ఏరా బాషా, పిండొద్దు, నొక్కాలి అని ఎన్నిసార్లు చెప్పాను?"

"నొక్కితే నీళ్లు పోవట్లేదన్నా. అయ్యగారు తొందరపడుతున్నారు."

మద్రాసు నుంచి కొత్త జత రావడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి కిరసనాయిలు దొరకలేదని బాషా పెట్రోల్లో నానేశాడు. స్పాంజి పూరీలా ఉబ్బింది, అతుకులు విడిపోయాయి. ఆ తర్వాతి జతకు యలమందయ్య స్వయంగా నూనె పట్టించాడు. కారు షెడ్డు దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. బానెట్టు ఎత్తగానే ఏసోబుకు గుప్పుమని వాసన కొట్టింది.

"ఇదేం నూనండీ?"

"ఆముదం. దానికంటే జిగట నూనె ఏముంది? ఎంత జిగటైతే అంత దుమ్ము పడుతుందని నేనే ఆలోచించాను."

"దుమ్ముతో పాటు గాలి కూడా ఆగిపోయిందండీ! ఇంజను ఊపిరాడక చస్తోంది!"

"మరి ముందే చెప్పొద్దూ?" అన్నాడు యలమందయ్య, తప్పు ఏసోబుదే అయినట్టు.

మరుసటి ఏడు మార్చిలో ఇంకో ముచ్చట. యలమందయ్య తన బావమరిది మిరపకాయల కల్లం పక్కనే మూడు రోజులు కారు నిలిపి ఉంచాడు. ఆ సంగతి చెప్పలేదు. ఏసోబు ఫిల్టర్లు తీసి, వాటి గూళ్లలో దుమ్ము పోవాలని గాలి పైపు పెట్టి కొట్టాడు. ఎర్రటి పొడి పొగలా లేచింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా దగ్గుతూ, తుమ్ముతూ బయటికి పరిగెత్తారు. పక్కనే టీ కొట్టు పెట్టుకున్న పున్నమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "నీ ఫిల్టరు తగలెయ్య, పాలు విరిగిపోతాయయ్యా ఏసోబూ!" అని అరిచింది. సరిగ్గా అప్పుడే అన్నం క్యారేజీతో వచ్చిన సంతోషకుమారి, రోడ్డు మీద వరసగా కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్న మగవాళ్లను చూసి, "ఎవరు పోయారు?" అంది. ఏసోబు చొక్కాతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా ఎవరూ పోలేదు. నేనే పోతాను, ఈ కారు చేతుల్లో" అన్నాడు.

అయినా ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బిగించేవాడు. తిట్టేవాడు, చేసేవాడు. చెయ్యకపోతే ఆ ఇంజను పాడవుతుంది, అందులో దాని తప్పేమీ లేదు.

ఎనభై అయిదు ఎండాకాలంలో కారు షెడ్డుకు రావడం మానేసింది. రోడ్డు మీద కనిపిస్తే బాషా చెయ్యూపి పోయేవాడు. బుద్ధొచ్చి వాళ్లే కడుక్కుంటున్నారు కాబోలనుకున్నాడు ఏసోబు. ఆగస్టులో ఆ కారును ట్రాక్టరు వెనక తాడు కట్టి లాక్కొచ్చారు. సత్తెనపల్లి రోడ్డు మీద నీలం పొగ కక్కి ఆగిపోయిందట.

బానెట్టు ఎత్తితే ఫిల్టర్లు లేవు. కార్బొరేటర్ల మూతులు రెండూ బావురుమంటున్నాయి.

"అవి తీసేస్తే గుర్రంలా పరిగెత్తింది ఏసోబూ" అన్నాడు యలమందయ్య, కాస్త బెరుగ్గా. "అందుకే అవి ఊరికే అడ్డం అనిపించింది."

ఏసోబు ఇంజను విప్పాడు. సిలిండరు గోడల మీద గోళ్లతో రక్కినట్టు గీతలు. పిస్టను రింగులు అరిగి పల్చబడ్డాయి. అడుగున మిగిలిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇసకలా గరగరలాడింది. ఆ రోజు ఆయన అరవలేదు. అరవకపోయేసరికి బాషా భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

సిలిండర్లు సాపు చేయించి, రింగులు మద్రాసు నుంచి తెప్పించి, ఇంజను తిరిగి బిగించడానికి ఆరు వారాలు పట్టింది. మిగిలిన ఒక్క కొత్త జత ఫిల్టర్లూ తగిలించి, తాళం యలమందయ్య చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లండి. ఇంక ఈ బండిని నా దగ్గరకు తేవద్దు."

"అదేం మాట ఏసోబూ? కోపం వస్తే రెండు తిట్టు. ఎప్పుడూ తిడతావుగా."

"మా నాన్న మీ నాన్నగారి బట్టీలోనే సున్నం పీల్చి పోయాడండీ. ఆయనకు ఒక తువ్వాలన్నా ఉంది. మీరు ఈ ఇంజనుకు అది కూడా లేకుండా తీసేశారు. నేనిది చూడలేను."

యలమందయ్య కారెక్కి వెళ్లిపోయాడు. ఆయనకు తోమా ఎవరో గుర్తు కూడా లేదన్న సంగతి మొహంలోనే తెలిసింది. ఏసోబు అన్నం తినకుండా సాయంత్రం దాకా ఒక ట్రాక్టరు కింద పడుకుని పని చేశాడు.

మూడు వారాల తర్వాత, ఉదయం తొమ్మిదింటికి, షెడ్డు ముందు ఆటో ఆగింది. నలభై అయిదేళ్ల ఆవిడ దిగింది. చేతిలో పెద్ద స్టీలు డబ్బా.

"ఏసోబుగారంటే మీరేనా? నేను యలమందయ్యగారి భార్యను. నా పేరు రాజ్యం."

డబ్బా మూత తీసి చూపించింది. లోపల గుడ్డలో చుట్టి రెండు ఫిల్టర్లు ఉన్నాయి, మళ్లీ తెల్లబడి. ఏసోబు మొహం తిప్పుకున్నాడు.

"నేను చెయ్యనని చెప్పేశానమ్మా."

"మీరు చెయ్యొద్దు. నాకు నేర్పండి." ఆవిడ పున్నమ్మ కొట్టు ముందున్న స్టూలు తనే లాక్కుని కూర్చుంది. "ఆ కారు ఆగిపోయిన రోజు నేనూ అందులోనే ఉన్నాను మేస్త్రీ. మా చెల్లెలి కూతురు ఓణీల వేడుక. పట్టుచీర కట్టుకుని, పత్తి బోరాల బండి మీద కూర్చుని సత్తెనపల్లి పోయాను. దారి పొడుగునా ఈయన కారు గొప్పలే చెబుతున్నాడు, బండి తోలేవాడికి! ఈ ఇంట్లో మగాళ్లతో ఈ పని కాదని నాకప్పుడే అర్థమైంది."

ఏసోబుకు నవ్వు ఆగలేదు. కిరసనాయిలు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. రాజ్యం గాజులు వెనక్కి తోసుకుని స్పాంజిని అందులో ముంచింది. కాసేపాగి అడిగింది: "లోపలి వైపు నుంచి బయటికి నొక్కాలా, బయట నుంచి లోపలికా? బయట నుంచైతే దుమ్ము లోపలికే పోతుంది కదా?"

ఏసోబు ఆవిడ వంక చూశాడు. రెండున్నరేళ్లలో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"లోపలి నుంచే అమ్మా. మెల్లగా. పిండొద్దు."

"ఎందుకు పిండుతాను? మసిగుడ్డా ఇది?"

అప్పటినుంచి రెండు వారాలకోసారి ఆవిడ ఇంట్లోనే కడిగి, వంటింటి అటక కింద నీడన ఆరబెట్టి, నూనె పట్టించేది. మొదట నాలుగైదుసార్లు డబ్బాలో పెట్టుకుని వచ్చి ఏసోబుకు చూపించింది. ఆయన వెలుతురుకు ఎత్తి చూసి, నూనె ఎక్కడ ఎక్కువైందో వేలితో చూపించేవాడు. మరుసటిసారి ఆ తప్పు ఉండేది కాదు. కారు పొగ మానేసింది. ఇంజను ఆయిలు తీసి చూస్తే గరగర లేదు.

ఈ లోపు యలమందయ్య క్లబ్బులో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఒకరోజు వేరే పెద్దమనిషి, అంకమ్మరావు అనే కాంట్రాక్టరు, తన జీపు తెచ్చి ఏసోబుతో అన్నాడు: "ఫిల్టరు పిండకూడదటయ్యా, నొక్కాలట. యలమందయ్య చెప్పాడు. ఆయనకు ఈ విషయాల్లో మహా అనుభవం."

ఏసోబు చేతిలోని స్పానరు కింద పడేసి, లోపలికి వెళ్లి, చెంబెడు నీళ్లు తాగి వచ్చాడు. ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే సంతోషకుమారి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆయనకు మాత్రం వారం రోజులు ఒళ్లు మండుతూనే ఉంది.

ఎనభై ఏడు జనవరిలో ఒక మధ్యాహ్నం ఎర్ర కారు షెడ్డు ముందుకు వచ్చింది. బాషా లేడు, యలమందయ్య లేడు. స్టీరింగు దగ్గర రాజ్యం ఒక్కతే. బ్రాడీపేట నుంచి తనే నడుపుకుంటూ వచ్చింది. రోడ్డు మీద రిక్షాలు ఆగిపోయాయి, పున్నమ్మ టీ పొయ్యడం ఆపేసి చూసింది. ఇంజను చప్పుడు వింటూ ఏసోబు గుమ్మంలో నిలబడ్డాడు. ఎక్కడా దగ్గు లేదు. ఊపిరి హాయిగా, నిండుగా ఆడుతోంది. ఆయన మనసు కుదుటపడబోతుండగా గేరు కరకరమని ఏడ్చింది. ఆవిడ పక్కకు తీయబోతే కారు నాలుగు కుప్పిగంతులు వేసి ఆగిపోయింది.

"క్లచ్చి అమ్మా! గేరు మార్చేముందు క్లచ్చి నొక్కాలి!" అని అరుస్తూ ఏసోబు రోడ్డు మీదికి పరిగెత్తాడు.