అనారోగ్య కారణాల వల్ల

రెండువేలు దాటాక వచ్చిన ఎన్నికల్లో మా మండలాధ్యక్ష పదవి ఆడవాళ్లకి రిజర్వయింది. పార్టీ పెద్దాయన మా ఇంటికొచ్చి నన్ను నిలబడమన్నాడు. పెళ్లికి ముందు పలాస ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టినదాన్ని. అప్పటికి బళ్లో పిల్లలకి పాఠాలు, ఆదివారం చర్చిలో పాటలు చెప్పుకుంటున్నాను. ఎవరికీ ఎదురు చెప్పిన మనిషిని కాను. నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

గెలిచాను. మా ఆయనకి సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు పని కూడా పెద్దాయనే వేయించాడు. అప్పుడది దయ అనుకున్నాను.

రెండేళ్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను. కానీ మా ఉద్దానంలో అధ్యక్షురాలు కళ్లు మూసుకుని కూర్చుందామన్నా కుదరదు. పొద్దున్నే గుమ్మంలో కాళ్లు వాచిన మనుషులు. కిడ్నీలు పోయి, డయాలసిస్‌కి విశాఖ వెళ్లడానికి ఉత్తరం రాసిమ్మని వచ్చేవాళ్లు. మా పక్కింటి ఒదిన భర్త కూడా వాళ్లలో ఒకడు. బావి నీళ్లే కొంప ముంచుతున్నాయని ఊరంతా అనుకునేది. అందుకే మంచినీళ్ల పథకమంటే నాకూ ఆశే.

ట్యాంకు కట్టారు, గొట్టాలు వేశారు. కాంట్రాక్టరుకి బిల్లు రావాలంటే, అన్ని ఊళ్లకీ నీళ్లు అందుతున్నాయని మండల సమావేశంలో తీర్మానం చెయ్యాలన్నాడు పెద్దాయన. ముందురోజు మధ్యాహ్నం బస్సెక్కి సముద్రం వైపు ఊళ్లు చూసొచ్చాను. నాలుగు ఊళ్లలో కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు.

సమావేశంలో ఆ మాటే చెప్పి, తీర్మానం పక్కన పెట్టాను. జీవితంలో మొదటిసారి పదిమందిలో నా గొంతు నాకే వినిపించింది.

వారం తిరక్కుండా మా ఆయన్ని పనిలోకి రావొద్దన్నారు. పెద్దాయన మమ్మల్నిద్దరినీ టెక్కలి పిలిపించాడు. రాజీనామా కాగితం టైపు చేసి ఉంది. 'అనారోగ్య కారణాల వల్ల' అని రాశారు.

"నాకేం జబ్బు లేదండి" అన్నాను.

"ఉద్దానపోళ్లు కదమ్మా, అదైతే ఎవులూ అడగరు" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

మా ఆయన నా మొహం చూడలేదు. "కాయితమే కదే, సంతకం ఎట్టీ. పిల్లలున్నారు" అన్నాడు.

పెట్టాను.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు నా ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించారు. నిజంగా జబ్బుతో ఉన్నవాళ్లు, మెట్లెక్కలేక బయట చాప మీద కూర్చున్నవాళ్లు, నా కోసం చేతులెత్తారు. తల వంచుకుని ఆమెన్ అన్నాను. దేవుడి ముందు అంత సిగ్గుపడటం అంతకుముందు లేదు.

పక్కింటి ఒదిన, భర్తని ఆస్పత్రి నుంచి తెచ్చి ఇంట్లో దించి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నీకెన్నాళ్ల బట్టి? ఒళ్లు వాసిందేటి? మా డాట్టరు మంచోడు, నాను చీటీ రాయిస్తాను, నాతో రా" అంది. ఆమెకి అబద్ధం చెప్పలేకపోయాను. జరిగిందంతా చెప్పాను.

వంగి నా కాళ్లు చూసింది. వాపు లేదు.

"అయితే నీకు కిడ్నీలు బాగున్నాయి" అంది.

"బాగున్నాయి ఒదినా."

"మరి కుర్సీ ఎందుకొదిలీసినావు? అడగడానికి మాకింకెవులున్నారు?"

మా ఆయన పని గురించి చెప్పబోయాను. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది. తర్వాత మా నూతి దగ్గరికి నీళ్లకి కూడా రాలేదు.

నా తర్వాత కుర్చీలో కూర్చున్నామె మొదటి సమావేశంలోనే ఆ తీర్మానం చేసింది. అందరూ బల్లలు చరిచారట. మా ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆ ఏడాది వానలకి ముందే ఒదిన భర్త పోయాడు. నేను వెళ్లాను. ఏడుస్తున్న ఆడవాళ్లలో కాస్త జరిగి నాకు చోటిచ్చినవాళ్లు లేరు. పొద్దుగూకేదాకా గోడవారన నిలబడి ఇంటికొచ్చేశాను.